సుగంధి కాపాడిన చావిడి

ఏడుమడుగుల అడవిలో దుప్పులు, అడవిపందులు, కుందేళ్లు, ఉడుతలు ఉండేవి. అవన్నీ కలిసి అడవి మధ్యలో ఒక చావిడి కట్టుకున్నాయి. సాయంత్రమైతే ఉడుతలు అక్కడ కోలాటం ఆడేవి. ముసలి దుప్పి కథలు చెప్పేది. పిల్లలకు తీగ ఊయల, అందరికీ కుండ నిండా చల్లటి నీళ్లు ఉండేవి.

చావిడి బాగోగులు చూసే పని సుగంధి అనే పునుగుపిల్లికి అప్పగించాయి. దానికి అయినవాళ్లు ఎవరూ లేరు. చావిడినే ఇల్లనుకుంది. ఎర్రమట్టితో నేల అలికి అద్దంలా ఉంచేది. "ఇంత చక్కటి చావిడి ఏ అడవిలోనూ లేదు" అని అన్నీ మెచ్చుకునేవి. ఆ మాటలు వినీ వినీ దానికి గర్వం పెరిగింది.

ఒకరోజు ముద్దన్న అనే అడవిపంది బురదకాళ్లతో వచ్చింది.

"కాళ్లు కడుక్కుని రా" అంది సుగంధి.

ముద్దన్న ఏటికి వెళ్లి కడుక్కుని వచ్చింది. అంతవరకు సబబే. కానీ మర్నాడు, అలుకు లేచిపోతోందని సుగంధి కోలాటం ఆపించింది. తీగ అరిగిపోతోందని ఊయల చుట్టి అటక మీద పెట్టింది. నీళ్లు ఒలుకుతున్నాయని కుండ దాచేసింది. కథ వింటూ పిల్లలు నవ్వితే కసిరేది. ఒక్కొక్కటిగా అన్నీ రావడం మానేశాయి.

నీలవ్వ అనే ముసలి తాబేలు ఒకనాడు అడిగింది. "అమ్మాయ్, ఎవరూ అడుగు పెట్టని నేల ఎంత అలికితే ఏం లాభమే?"

"దీని విలువ మీకు తెలియదులే అవ్వా" అంది సుగంధి.

నీలవ్వ వెనుదిరిగింది. ఏటి ఒడ్డున తానుండే ఇసుకమేటకు పిల్లల్ని రమ్మంది. అక్కడ నీడ తప్ప ఏమీ లేదు. అయినా అన్నీ అక్కడికే చేరాయి.

ఊడవడానికి చెత్త లేకపోయేసరికి సుగంధి మొదటి రోజు సంతోషించింది. పది రోజులయ్యాక అదే దిగులైంది. గాలివాటున ఏటి వైపు నుంచి నవ్వులు వినిపించేవి. వెళ్దామని లేచేది. "నేనెందుకు వెళ్లాలి? కావాలంటే వాళ్లే వస్తారు" అనుకుని మళ్లీ కూర్చునేది. ఎవరూ రాలేదు.

వానలు మొదలయ్యాయి. చావిడి కప్పు కారసాగింది. ఏటా అన్నీ కలిసి ఆకులు కప్పే పని అది. ఈసారి సుగంధి ఒక్కతే ఎక్కింది. తడి దూలం మీద జారి కింద పడింది. వెనక కాలు విరిగింది. మూడు రోజులు కదల్లేక అలాగే పడి ఉంది. ఎన్నిసార్లు పిలిచినా, వినడానికి దగ్గర్లో ఎవరూ లేరు.

నాలుగో రోజు పొద్దున నీలవ్వ వచ్చి గుమ్మం బయటే ఆగింది.

"సుగంధీ, ఏరు పొంగి ఇసుకమేట మునిగింది. పిల్లలు తడుస్తున్నాయి. లోపలికి రానిస్తావా? కాళ్లు కడుక్కునే వస్తాంలే."

సుగంధికి ఏడుపు వచ్చింది. "ఏమీ కడుక్కోవద్దు అవ్వా. రమ్మను."

గుమ్మం దాటాక గాని నీలవ్వ దాని కాలు చూడలేదు. వెంటనే అందరినీ పిలిచింది. ముద్దన్న సుగంధిని వీపు మీద మోసి పొడిచోట పడుకోబెట్టింది. కుందేళ్లు పసరు కట్టు కట్టాయి. మిగిలినవి కప్పు వేశాయి. ఆ రోజు నుంచి చావిడి బాగోగులు నీలవ్వే చూసుకుంది. చావిడి మళ్లీ కళకళలాడింది.

సుగంధి కాలు అతికింది గాని కుంటు మిగిలిపోయింది. పెద్దవన్నీ దానితో బాగానే మాట్లాడేవి. పిల్లలు మాత్రం దాన్ని చూడగానే నవ్వు ఆపేసి పక్కకు తప్పుకునేవి. సుగంధి వాటిని తప్పు పట్టలేదు. రోజూ ఒక మూల కూర్చుని, తన పక్కన కాస్త చోటు వదిలి ఎదురుచూసేది. చలికాలం వెళ్లేదాకా ఆ చోటు ఖాళీగానే ఉంది.

నీతి: పదిమంది కోసం కట్టిన చోటుకు పదిమందే అందం, గర్వంతో వాళ్లను దూరం చేసుకోవడం తేలిక, మళ్లీ దగ్గర చేసుకోవడమే కష్టం.