తాటాకు మీద తుమ్ము

వేదాద్రి రాసిన ఉత్తరం తిరిగొచ్చింది.

అది అలాంటిలాంటి ఉత్తరం కాదు. నలభై పద్యాలు. ఆ ఉపమానాల బరువుకి బండెద్దు కుంటింది. దాన్ని గురువుగారికి వినిపించిన పొద్దున ఏట్లో చేపలన్నీ ఒడ్డుకొచ్చి తోకలాడించాయి.

అప్పట్లో రాజుగారి కొడుకులిద్దరూ సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. ఆ యుద్ధంలో లేచిన దుమ్ముకి సూర్యుడికే దగ్గు పట్టుకుంది. ఏటికి అటు అన్న దండు, ఇటు తమ్ముడి దండు, నడుమ లంకలో కూనయ్యస్వామి పాక. రెండు దండుల సిపాయిలూ కత్తులు కంచెకి తగిలించి, ఇంటికి ఉత్తరాలు రాయించుకోడానికి అక్కడికే వచ్చేవారు. వాళ్ళు చెబితే శిష్యుడు వేదాద్రి తాటాకు మీద రాసేవాడు. ఉప్పు బండ్లవాళ్ళు ఊళ్ళకి చేర్చేవారు.

తిరిగొచ్చింది పోలయ్య ఉత్తరం. తమ్ముడి దండులో బల్లెం పట్టే సిపాయి అతను. వాళ్ళమ్మ బయ్యమ్మ బండివాడితో మాట పంపింది.

"ఇది నా కొడుకు మాట కాదు. 'జననీ, నీ చరణకమలములు' అంటాడా వాడు? వాడు పోయుంటాడు. నేను ఏడవకూడదని ఎవరో పుణ్యాత్ముడు వాడి పేరు పెట్టి అందంగా రాస్తున్నాడు. పోయిన తిథి చెప్పించండి, చాలు."

"ముసల్ది ముద్ద ముట్టడం లేదయ్యా. మళ్ళీ నేను వెళ్ళేసరికి ఉంటుందో లేదో," అన్నాడు బండివాడు. "సాయంత్రం బయల్దేరుతున్నా."

వేదాద్రి ముఖం మాడిపోయింది.

"స్వామీ, వాడేం చెప్పాడో తెలుసా? 'బర్రె ఈనిందా, నీ మోకాలు ఎలా ఉంది' అన్నాడు! అదీ ఒక ఉత్తరమేనా? నేను దాన్ని బంగారం చేసి పంపాను. ఈసారి ఎనభై పద్యాలు రాస్తాను, నమ్మక ఛస్తుందా!"

స్వామి పోలయ్యకి కబురంపాడు. వేదాద్రి చేతిలోంచి గంటం తీసుకుని తనే రాయడానికి కూర్చున్నాడు.

"చెప్పు నాయనా."

"ఏం చెప్పను సామీ... ఉండండుండండి... అమ్మా, నేను పోలిగాణ్ణే. బతికే ఉన్నా. అన్నం తిను. రాత్రి వానలో తడిశా. ఒక పాట కట్టా, నవ్వకు.

ఇక్కడి వానకి మన చూరు లేదమ్మా
తడిసిన తలకి నీ కొంగు లేదమ్మా
అటు దండులో ఒకడు... హా... హాఛ్!"

ఏటి అవతల గుర్రాలు కట్లు తెంచుకున్నాయి. పోలయ్య ముక్కు తుడుచుకుని పాట అందుకున్నాడు.

"అటు దండులో ఒకడు
అమ్మా అంటూ తడుస్తున్నాడమ్మా."

గంటం ఎక్కడా ఆగలేదు. వేదాద్రి తొంగి చూసి అదిరిపడ్డాడు.

"స్వామీ! 'ఉండండుండండి' కూడా రాసేశారు! తుమ్ము కూడా రాశారు! అదీ పాట మధ్యలో!"

"పాట మధ్యలోనే తుమ్మాడుగా," అన్నాడు స్వామి, ఆకు చుట్టి బండివాడికిస్తూ.

ఆ తర్వాత వేదాద్రికి కూడా అన్నం సయించలేదు. ఎక్కడ ఎద్దు మెడ గంట మోగినా పరిగెత్తి వెళ్ళి చూసేవాడు. చిక్కి చిక్కి పూచికపుల్లయ్యాడు. గాలికి ఎగిరిపోకుండా జంధ్యం గుంజకి కట్టుకున్నాడు.

చివరికి బండి వచ్చింది. పోలయ్య కంచె దూకి వచ్చాడు.

"కరణంగారు చదువుతున్నారు," అన్నాడు బండివాడు. "మీ అమ్మ గోడవైపు తిరిగి పడుకునుంది. పాట విన్నా కదల్లేదు. ఆయన 'హాఛ్' అన్నారో లేదో, 'చిరంజీవ! చిరంజీవ!' అంటూ లేచి కూర్చుంది. తన నోటి మాట తనే విని, అప్పుడు ఏడ్చింది చూడు, ఊళ్ళో ఎండిన బావులన్నీ పొంగిపోయాయి. ఆపైన గంగాళం అన్నం లాగించింది. తల తుడుచుకుని చావమంది నిన్ను."

పోలయ్య ఏడుస్తూ నవ్వుతూ, చుక్క తడి లేని తలని పైపంచెతో తెగ తుడుచుకున్నాడు.

వేదాద్రి వెళ్ళి గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు.

"మీ చలవ స్వామీ. ఒక తల్లి నా చేతిలో చావకుండా బతికింది."

స్వామి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"నాకెందుకురా దండం? తుమ్మింది వాడు."