మగ్గం గుంటలో నీళ్ళు

యామిని బాధ ఒక్కటే. వాళ్ళింట్లో దోమల్లేవు. అయినా మాస్టారు పచ్చ కాగితం ఇవ్వలేదు.

సాలిపేట హైస్కూలు తొమ్మిదో తరగతి పిల్లలు ఆ ఏడాది సైన్సు ప్రాజెక్టు కోసం తమ ఇళ్ళలో దోమల లెక్క తీస్తున్నారు. ప్రతి శుక్రవారం ఇంట్లో నీళ్ళు నిలిచే చోట్లన్నీ చూడాలి. తొట్టి, డ్రమ్ము, కూలరు, పూలకుండీ, ఫ్రిజ్ వెనక ట్రే, పెరట్లో పారేసిన టైరు. అక్కడి నీళ్ళు కాసిని తెల్ల పళ్ళెంలో పోసి, లార్వాలు కదులుతున్నాయేమో చూసి రాసుకు రావాలి. లేని ఇంటి తలుపుకి అంటించమని పచ్చ కాగితం ఇస్తారు. ఉన్న ఇంటికి ఎర్ర కాగితం. తరగతి గోడ మీద వీధుల పటం ఉంది. ఇంటికో గడి. ఆ గడికి కూడా అదే రంగు.

ఎర్ర కాగితం తలుపుకి అంటించినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

చేనేత వీధిలో గడులన్నీ నిండాయి. యామిని ఇంటి గడి ఒక్కటే తెల్లగా ఉండిపోయింది. పక్కింటి హిమబిందు దాని మీద వేలు పెట్టి చూపించి, "మీ ఇల్లు కట్టడం ఇంకా పూర్తి కాలేదుటే?" అని నవ్వింది.

శుక్రవారం ఆఖరి గంట కొట్టాక యామిని స్టాఫ్ రూముకి వెళ్ళింది. గౌస్ మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. బీరువా మీద పాత సైన్సు ఫెయిర్ల చార్టులు చుట్టలు చుట్టి ఉన్నాయి. వాటి మీద దుమ్ము ఉంది. మాస్టారికి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు.

"సార్, మా ఇంటి కాగితం."

"చూశానమ్మా."

"అన్నిచోట్లా సున్నానే సార్. మొదటి వారం నుంచీ."

"జ్వరం ఎవరికైనా వచ్చిందా అన్నచోట ఏం రాశావు?"

"నాన్నకి వచ్చిందని రాశాను. ఉన్నమాటే రాశాను."

"ఇది రెండోసారి కదా."

"అవును సార్. కానీ అది మా ఇంటి దోమ కాదు, బయటి దోమ. హిమబిందు వాళ్ళ ఫ్రిజ్ ట్రేలో ఎన్ని ఉన్నాయో మీరే చూశారుగా."

"మీ నాన్న హిమబిందు వాళ్ళింటికి వెళ్తుంటారా?"

"నాన్నా? మగ్గం మీంచి లేస్తే కదా సార్."

మాస్టారు పెన్నుకి మూత పెట్టారు. కాసేపు ఆ పిల్ల మొహంలోకి చూశారు.

"రేపు మధ్యాహ్నం వస్తాను. నాన్నని ఇంట్లోనే ఉండమను" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఇంట్లోనే ఉంటారులే" అన్నారు.

యామిని తండ్రి మార్కండేయులు. మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు మంచానికి అంటుకుపోయాడు. కీళ్ళు పట్టేసి, గ్లాసు ఎత్తుకోవడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చింది. రెండోసారి వచ్చి తగ్గి ఇంకా వారం కాలేదు. టౌన్లో డాక్టరు, "మళ్ళీ వస్తే ఇంటి దగ్గర ఉంచుకోవద్దు, నేరుగా తీసుకొచ్చి చేర్చండి" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తల్లి తులశమ్మ కూతుర్ని రోజుకోసారైనా అడుగుతోంది. "మనింట్లో లేవుగా? సరిగ్గా చూశావుగా?"

యామిని సరిగ్గానే చూసింది. పచ్చ కాగితం తలుపుకి అంటిస్తే అమ్మ అడగడం మానేస్తుందని ఆ పిల్ల ఆశ.

శనివారం పడమటి గాలి వీస్తోంది. వానలు రావలసిన నెల. వీధిలో దుమ్ము తప్ప ఏమీ లేవడం లేదు. మాస్టారు సైకిలు నడిపించుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

ముందు గదిలోనే మగ్గం. నేలలో నడుము లోతు గుంట, దాని అంచు మీద చెక్క. మార్కండేయులు ఆ చెక్క మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి నేస్తున్నాడు. నేత మెల్లగా సాగుతోంది. నాలుగుసార్లు పోగుతో నాడె అటూ ఇటూ విసిరి ఒకసారి ఆగుతున్నాడు. పెళ్ళివారి చీర. సగంలో ఉంది. గోడ వార తులశమ్మ రాట్నం తిప్పుతూ కండెలకి నూలు చుడుతోంది.

"కూర్చోండి సారూ. లేచి నిలబడలేకపోతున్నా, ఏమనుకోకండి" అన్నాడు మార్కండేయులు.

"మీ పని మీరు చూసుకోండి. నాకు మీ అమ్మాయితో పని."

యామిని ఆయనకి ఇల్లంతా తిప్పి చూపించింది. తొట్టి బోర్లించి ఉంది. డ్రమ్ముకి గుడ్డ కట్టి ఉంది. కూలరు విప్పి ఆరబెట్టారు. పూలకుండీ కింద పళ్ళెమే లేదు. టైరు ఎప్పుడో పారేశారు. కొబ్బరి చిప్పలు కూడా బోర్లా పడి ఉన్నాయి. మాస్టారు ప్రతిచోటా వంగి చూశారు. వంగినప్పుడల్లా నడుం పట్టుకుని లేచారు.

"బాగా చూశావు" అన్నారు.

జేబులోంచి పచ్చ కాగితం తీసి ఆ పిల్ల చేతికిచ్చారు. "తీసుకో. అంటించుకునేది నువ్వే."

యామిని వంటింట్లోకి పరిగెత్తి, గిన్నె అడుగున మిగిలిన నాలుగు అన్నం మెతుకులు మెదిపి తెచ్చింది. వీధి తలుపు మీద, అందరికీ కనపడేలా, కాగితం నాలుగు మూలలూ నొక్కి అంటించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

"అమ్మా, ఇచ్చేశారు" అంది లోపలికి వస్తూ.

తులశమ్మ రాట్నం ఆపింది. చాలా రోజుల తర్వాత గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య. సార్‌కి టీ పెడతానుండు."

మాస్టారు మగ్గం దగ్గరికి వెళ్ళారు.

"మార్కండేయులు గారూ, కాసేపు లేస్తారా? నేను కూర్చుంటాను."

మార్కండేయులు అయోమయంగా చూశాడు. "మీరెందుకండీ ఇక్కడ? కుర్చీ ఉందిగా."

"ఏదీ ముట్టుకోను. ఊరికే కూర్చుంటా."

"సారుకి మగ్గం నేర్చుకోవాలని బుద్ధి పుట్టినట్టుందే" అంది తులశమ్మ వంటింట్లోంచి. "రిటైరయ్యాక కావాలిగా."

"మీ ఆయన ఒప్పుకుంటే చేరతానమ్మా."

మార్కండేయులు చేతులు అంచు మీద ఆన్చి మెల్లగా పైకి లేచాడు. గోడకి జారగిలబడ్డాడు. మాస్టారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెక్క మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

అంతే. ఇంకేమీ చేయలేదు.

టీ వచ్చింది. తాగారు. పడుగు పోగుల గురించి ఏదో అడిగితే మార్కండేయులు ఏదో చెప్పాడు. యామిని తలుపు దగ్గర నిలబడి ఒకసారి పచ్చ కాగితాన్ని, ఒకసారి మాస్టారిని చూస్తోంది. పని అయిపోయింది కదా, ఇంకా ఎందుకు కూర్చున్నారో అర్థం కాలేదు. ఆయన రెండుసార్లు మొహం చిట్లించారు. కాళ్ళు మాత్రం కదపలేదు.

గ్లాసు కింద పెట్టి, "యామినీ, ఇలా రా" అన్నారు.

కుడికాలు పైకి తీసి చెక్క మీద పెట్టారు. చీలమండ చుట్టూ దద్దుర్లు లేచి ఉన్నాయి. ఒక దోమ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. నల్లటి ఒళ్ళు, కాళ్ళ మీద తెల్లటి చారలు. కడుపు ఎర్రగా నిండి ఉంది. మాస్టారు దాన్ని కొట్టలేదు.

ఆ దోమ బొమ్మని యామినే తరగతి చార్టు మీద వేసింది. చారలు సరిగ్గా వచ్చాయని తరగతిలో అందరూ మెచ్చుకున్నారు కూడా.

"ఏది ఇది?"

"ఈడిస్ సార్."

"ఎప్పుడు కుడుతుంది?"

"పగలు సార్."

"ఎక్కడిదీ?"

"బయట..." అని యామిని ఆగిపోయింది. దోమ బరువుగా లేచి, బయటికి కాదు, గుంటలోకే పోయింది.

యామిని నాన్న వైపు తిరిగింది. గోడ దగ్గర కూర్చున్న ఆయన పాదాలు చాపి ఉన్నాయి. ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న అంటే నడుము పైభాగమే. చేతులు, భుజాలు, వంచిన మెడ. పాదాల మీద మచ్చలు. పాతవాటి మీద కొత్తవి. గోకి గోకి నల్లబడినవి.

"గుంటలోకి దిగి చూశావా?" మాస్టారు అడిగారు.

"అందులో పిల్లలు దిగకూడదు సార్. కాలు తగిలితే పోగులు తెగుతాయి. చిన్నప్పటి నుంచీ దిగనివ్వరు."

"అవునండీ, మేమే వద్దంటాం" అన్నాడు మార్కండేయులు. "అయినా అందులో ఏముంటుందండీ? కాళ్ళతో తొక్కే పలకలు, ఓ మూల నీళ్ళ చట్టి. అంతేగా."

"నీళ్ళ చట్టి ఎందుకు?"

"ఈ పడమటి గాలికి పోగు పుటుక్కు పుటుక్కున తెగుతుందండీ. కింద నీళ్ళుంటే కాస్త చెమ్మ పట్టుకుంటుంది. మా నాన్న కూడా పెట్టేవాడు."

"నీళ్ళు ఎవరు పోస్తారు?"

మార్కండేయులు మొహంలో కాస్త వెలుగొచ్చింది. "మా పాపేనండీ. నేను వంగలేనని తనే చూసుకుంటుంది. పొద్దున్నే బడికెళ్ళే ముందు, పైనుంచే చెంబుతో ఒంపుతుంది. ఒక్కరోజు మానదు."

"పాతవి తీసేసి పోస్తుందా?"

"తీసేదేముందండీ. తగ్గిన మేరకి పోస్తుంది."

యామిని కళ్ళు నేల మీదే ఉన్నాయి.

మాస్టారు రెండో కాలు కూడా తీసి, పక్కకి జరిగారు. సంచీలోంచి టార్చి, తెల్ల పళ్ళెం తీశారు. ఎవరికీ ఇవ్వలేదు. చెక్క మీద పెట్టారు.

యామిని టార్చి అందుకుంది. "నాన్నా, దిగనా?"

మార్కండేయులు మాస్టారి వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. పడుగు వైపు చూశాడు.

"దిగు తల్లీ. ఒళ్ళు దగ్గర పెట్టుకుని దిగు."

లంగా కుచ్చెళ్ళు బిగించి, అంచు పట్టుకుని, ఒక్కో కాలే కిందికి దించింది. లోపల చల్లగా ఉంది. దిగీ దిగడంతోనే పిక్క మీద చురుక్కుమంది. మూలకి వంగి టార్చి వేసింది. చట్టిలో నీళ్ళు తేరుకుని ఉన్నాయి. వెలుగు పడగానే నీళ్ళ పైభాగమంతా ఒక్కసారిగా కదిలింది. సన్నని పురుగులు తలకిందులై, మెలికలు తిరుగుతూ అడుక్కి జారిపోయాయి. చట్టి లోపలి అంచు మీద, నీటి గీత వెంబడి, నల్లటి గసగసాల్లాంటివి అంటుకుని ఉన్నాయి. అవేమిటో ఆ పిల్లకి తెలుసు. వాటి బొమ్మ కూడా తనే వేసింది.

పళ్ళెంలో కాసిని నీళ్ళు ముంచి పైకి అందించింది. తులశమ్మ వచ్చి వంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"లెక్కపెట్టనా సార్?" గుంటలోంచి యామిని గొంతు.

మాస్టారు మడత విప్పి ప్యాంటు సర్దుకుంటున్నారు.

చట్టిని పైకి ఎత్తడానికి ముగ్గురు కావలసి వచ్చింది. పెరట్లో ఎండ పడేచోట ఒంపేశారు. ఎండిన నేల ఆ నీళ్ళని వెంటనే పీల్చేసింది. యామిని కొబ్బరిపీచు, బూడిద తెచ్చుకుని చట్టి ముందు కూర్చుంది. ఒంపితే చాలదని, గుడ్లు అంచుకి అతుక్కుని నెలల తరబడి బతుకుతాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల. అంచు చుట్టూ రుద్దింది. మళ్ళీ రుద్దింది.

చేతులు కడుక్కోకుండానే వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది. పచ్చ కాగితం మూల పట్టుకుని లాగింది. మెతుకులు అప్పటికే బిగిశాయి. సగం చేతిలోకి వచ్చింది. సగం తలుపుకే ఉండిపోయింది. గోటితో గీకితే పేలికలు పేలికలుగా ఊడింది. హిమబిందు అరుగు మీంచి చూస్తోంది. "ఏమే, ఇచ్చి లాక్కున్నారా?" అంది. యామిని ఆ వైపు చూడలేదు.

మాస్టారు గుమ్మం దాటి చెప్పులు వేసుకున్నారు. ఒకసారి వంగి చీలమండ గోక్కున్నారు. సైకిలు స్టాండు తీశారు.

"సార్, రేపట్నుంచి నీళ్ళు పొయ్యను" అంది యామిని.

"అదేంటి? నాన్నకి అవి కావాలి కదమ్మా."

యామిని తలెత్తింది.

"ముందు ఒంపు. తర్వాత పొయ్యి" అన్నారు మాస్టారు. దుమ్ములో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

లోపల మగ్గం మళ్ళీ మొదలైంది. యామిని పెరట్లోకి వచ్చి చట్టి పక్కనే కూర్చుంది. నాడె చప్పుడు పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఇవాళ దాని కింద, కాస్త ఆలస్యంగా, అరిగిన పలకలు తొక్కుతున్న రెండు కాళ్ళ చప్పుడు విడిగా వినిపించింది.