తోక చూపిన చేపలు

విశాఖపట్నంలో పరాంకుశం అనే ఇంజనీరు ఉండేవాడు. పనిమంతుడే గానీ, ఇంకొకరిని అడిగి తెలుసుకోవడమంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఉద్యోగమంతా ఊళ్ళకు మంచినీళ్ళ గొట్టాలు వేయించడంలోనే గడిచింది. మూడో అంతస్తు కుళాయిలో నీళ్ళు ధారగా పడకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. నీళ్ళన్నాక ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జోరుగా పరుగెత్తాలనేది ఆయన సిద్ధాంతం.

బీచి దగ్గర జనం చూడటానికి పగడాల అక్వేరియం కడుతూ, అందులో నీళ్ళు తిప్పే పని ఆయనకే అప్పగించారు. పగడాలు ప్రాణమున్నవని, నీళ్ళు సరిగా ఆడకపోతే వారంలో చచ్చిపోతాయని, మళ్ళీ తేవడం కుదరదని ముందే చెప్పారు. పరాంకుశం వెనక గోడకు నాలుగు పెద్ద పంపులు బిగించి, నీళ్ళు ముందు అద్దం మీదికి దూసుకొచ్చేలా ఏర్పాటు చేశాడు.

ఆ అద్దాలు తుడవడానికి గరికిన పోలయ్య అనే ముసలి జాలరిని పెట్టుకున్నారు. పగడాల కోసం రాళ్ళు పేర్చిన తొట్టి నిండిన రోజున అతను గుప్పెడు తవుడు పట్టుకొచ్చి, నీళ్ళలో చల్లి చూద్దామన్నాడు. నీటి పోకడ అలా తెలుసుకోవడం వాళ్ళ పేటలో అలవాటు.

"రాళ్ళెనకాల నీరు నిద్దరోతంది బాబూ," అన్నాడు. "సముద్రం ఓపాలి ఇటొత్తాది, ఓపాలి అటెల్తాది. ఎప్పుడూ ఒకేపు తొయ్యదు."

రెండు వందల పేజీల లెక్కలు వేసినవాడికి గుప్పెడు తవుడుతో పాఠమా అని పరాంకుశానికి ఒళ్ళు మండింది. అద్దం మీద ఒక మరక చూపించాడు. పోలయ్య వెళ్ళి దాన్ని తుడిచాడు.

పగడాలు వచ్చాయి, చేపలు వచ్చాయి. వారం తిరక్కుండానే ప్రారంభోత్సవం పెట్టారు. సన్నాయి మోగుతుండగా ముఖ్య అతిథి తెర లాగాడు. లోపల మూడు వందల చేపలూ వెనక గోడకేసి తిరిగి ఉన్నాయి. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెడుతుంది కదా, పంపులు వెనక ఉన్నాయి. అతిథిగారు కుడివైపుకు వెళ్ళి చూశాడు, ఎడమవైపుకు వెళ్ళి చూశాడు. ఎటు చూసినా తోకలే.

"వీటికి మన మీద కోపమా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. సన్నాయి ఆగిపోయింది.

అంతకంటే ఘోరం, రాళ్ళ వెనక చెత్త పేరుకుపోయి పగడాలు ముడుచుకుపోయాయి. రెండు రోజులు ఇలాగే ఉంటే ఒక్కటీ దక్కదని చేపల డాక్టరు చెప్పింది. తన చేతులతోనే వాటి ప్రాణాలు తీస్తున్నానని పరాంకుశానికి అర్థమైంది. మెట్ల మీద చద్దన్నం తింటున్న పోలయ్య దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"పోలయ్యా, ఆ తవుడు ఇంకా ఉందా?" అన్నాడు.

పోలయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. ఈసారి తవుడు గిన్నె ఇంజనీరుగారే పట్టుకున్నాడు. సగం తవుడు చేపలు తినేశాయి, మిగతా సగం నీరు ఎక్కడ ఆగిపోతోందో చూపించింది. సాయంత్రానికల్లా పంపులు రెండు కుడివైపుకు, రెండు ఎడమవైపుకు మార్చి, వంతులవారీగా నడిచేలా చేశారు. చేపలు పక్కకు తిరిగి, ఒంటి మీది రంగులన్నీ చూపిస్తూ అటూ ఇటూ ఈదాయి. మూడో రోజుకు పగడాలు విచ్చుకున్నాయి.

ఆ తరవాత పరాంకుశం ఏ పనికి వెళ్ళినా, లెక్కల కాగితాలతో పాటు సంచిలో ఒక తవుడు పొట్లం ఉండేది.

నీతి: ఎంత చదువుకున్నా, ఆ పనిలోనే బతికిన మనిషిని ముందుగా అడిగి తెలుసుకోవాలి, అడగడం వల్ల ఎవరి గౌరవమూ తగ్గదు.