దస్తగిరి కాల్చిన సున్నం

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది. రెండో బట్టీ కూడా దండగే. కొండంతా గాలించి, పాలలాంటి తెల్లరాళ్లు ఏరుకొచ్చి, మూడు రోజులు కాల్చాడు. చల్లారాక నీళ్లు పోస్తే ఏముంది? రాయి తడిసి ఊరుకుంది. చిటికెడు సున్నం రాలితే ఒట్టు!

దర్గా ముందు బాటసారుల కోసం కట్టిన నీళ్లతొట్టి కారిపోతోంది. వానలు పడేలోగా లోపల సున్నం పూయాలి. "నేను కాలుస్తాగా!" అని ఊరందరి ముందూ గొప్పలు పోయింది వీడే మరి. కట్టెలిచ్చే ఓబులయ్య తెగేసి చెప్పాడు.

"ఇంకొక్క బట్టీకే కట్టెలు, దస్తగిరీ. అదీ పోతే తొట్టి పూడ్పించేస్తాం."

దస్తగిరి ఓ తెల్లరాయి పట్టుకుని గురువు నూరుల్లా షా దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, ఇంతకన్నా తెల్లటి రాయి ఎక్కడ దొరుకుతుంది?"

బాబా వాకిట్లో బండ మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. రాయి అందుకుని కత్తితో గీశాడు. గీత పడలేదు. రొట్టెలోకి పెట్టుకున్న నిమ్మచెక్క దాని మీద పిండాడు. రసం జారిపోయింది.

తర్వాత తన కిందున్న బూడిదరంగు బండను గీకాడు. తెల్లటి పొడి లేచింది. దాని మీద రెండు చుక్కలు పిండాడు. పొడి బుసబుసా నురగ కక్కింది. బాబా మళ్లీ రొట్టె తుంచుకున్నాడు.

దస్తగిరి నోరెళ్లబెట్టాడు. ఈ బండలా! ఊళ్లో గొడ్లచావిళ్లలో పరిచేవి ఇవేగా!

ఆ సాయంత్రమే సంచినిండా నిమ్మకాయలతో వాగు గట్టుకు పోయాడు. ప్రతి రాయినీ గీకాడు, పిండాడు. నురగ రానిదాన్ని విసిరేశాడు. వచ్చినవన్నీ బట్టీకెక్కించాడు.

చల్లారిన రోజు ఊరంతా దిగింది. దస్తగిరి నీళ్లు పోశాడు. కాసేపు ఏమీ లేదు. అంతలో రాళ్లు చిటపటలాడాయి, గుప్పున ఆవిరి లేచింది, ఒక్కొక్కటే ఉబ్బి, పగిలి, తెల్లగా కుప్పకూలాయి. సున్నం! బుట్టల కొద్దీ సున్నం!

జనం ఈలలు వేశారు. "అదరగొట్టావురా అల్లుడూ!" అంటూ ఓబులయ్య వాణ్ని అమాంతం ఎత్తేశాడు. దస్తగిరికి ఆనందంతో ఏడుపొచ్చేసింది. పైనుంచే కేకేశాడు.

"బాబా! ఇకమీద ఏ రాయైనా చూడగానే చెప్పేస్తా!"

బాబా పకపకా నవ్వాడు.

"చూడగానే వద్దులే బేటా. దాన్ని ఒక్కమాట అడిగి చెప్పు."