అమ్మగారి పక్క చోటు

ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పటం జకరయ్య అయ్యగారి వల్ల కాదు. చెప్పులు వేసుకుని, "పద, అలా వెళ్ళొద్దాం" అంటారు. వెళ్ళినచోట ఏదో ఒకటి కళ్ళబడుతుంది. అడిగినవాడు దాన్ని చూసి గ్రహించుకోవాలి, గ్రహించుకోకపోతే వాడి పాట్లు వాడివి. గోదావరి నడుమ ఉన్న ఆ లంకలో చిన్న గుడి కట్టించి, జుట్టు నెరిసేదాకా పాస్టరుగా అక్కడే ఉండిపోయిన మనిషాయన. ఆయన్ని వాదంలోకి దింపగలిగిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆయన దగ్గర సేవ నేర్చుకుందామని పట్నం నుంచి వచ్చిన ఎలీషా మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. వేదాంత పాఠశాలలో చదువుకున్న కుర్రాడు. ఏ మతం ఏం చెబుతుందో, క్రీస్తు మార్గం వాటన్నిటికీ ఎక్కడ వేరుపడుతుందో అడగటమే ఆలస్యం, గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. మంచివాడే పాపం. ఎదుటివాడు ఆవలిస్తున్నాడో లేదో చూసుకోడు, అంతే.

ఒక సాయంత్రం దీపాలవేళ ఎలీషా గురువుగారి అరుగు మీద చేరి అడిగాడు.

"అయ్యగారూ, లోకంలో ఇన్ని మతాలున్నాయి కదండీ. వాటన్నిటినీ కాదని మనిషి క్రీస్తునే ఎంచుకోవటానికి సరైన కారణం ఏదండీ?"

"ఇప్పుడెందుకొచ్చింది నీకీ సందేహం?"

"పొద్దున నూకరాజు వచ్చాడండి, బాప్తిస్మం ఇప్పించమని. ఎందుకయ్యా అంటే, 'మా ఆడది వత్తోంది కదండీ, దాంతోపాటే నేనూనూ' అన్నాడు. అదీ ఒక కారణమేనాండీ? బాగా ఆలోచించుకుని సరైన కారణంతో రమ్మని పంపించేశాను."

నూకరాజు కల్లుగీత పనివాడు. అతని భార్య మహాలక్ష్మి కొన్నాళ్ళ క్రితం బాప్తిస్మం తీసుకుని మార్తమ్మ అయింది. ప్రతి ఆదివారం ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గుడికి తెచ్చేవాడు. ఆరాధన అయ్యేదాకా గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడేవాడు. లోపలికి రమ్మంటే, "కల్లుగీసుకునేవోణ్ణి, బాగోదండి" అని సిగ్గుపడేవాడు. అలాంటి మనిషి తనంతట తాను నోరు తెరిచి అడిగాడంటే ఎన్నాళ్ళు మథనపడి ఉంటాడో అయ్యగారికి తెలుసు. ఆ కుర్రాడికి తెలియలేదు.

అయ్యగారు ఆరోజు చెప్పులు వేసుకోలేదు. ఆయన ముఖం వాడిపోయింది.

"మళ్ళీ ఎప్పుడొస్తానన్నాడు?"

"ఏం చెప్పలేదండి. తల గోక్కుని, నవ్వి వెళ్ళిపోయాడు."

"సరేలే. ఆదివారం ఎలాగూ వస్తాడు. నేను మాట్లాడతాను."

ఆ ఆదివారం నూకరాజు రాలేదు. శుక్రవారం పొద్దున చెట్టెక్కినవాడు మోకు తెగి కిందపడ్డాడు. అతన్ని పడవెక్కించి అవతలి ఒడ్డున ఆసుపత్రికి తీసుకుపోదామనుకున్నారు. పడవ ఏటి మధ్యకు రాకముందే మార్తమ్మ ఒళ్ళో కన్నుమూశాడు. పడవ వెనక్కి తిప్పారు.

ఇక ఆ శవానికి పట్టిన దుర్గతి చెప్పాలంటే నోరు రాదు. పెళ్ళాం వేరే దేవుడి దగ్గరికి పోతుంటే అడ్డం చెప్పలేదని కులపెద్దలకు నూకరాజు మీద ముందునుంచీ కోపం. మా శ్మశానంలో చోటు లేదు పొమ్మన్నారు. "ఆదివారం ఆదివారం వెళ్ళి ఏ గుమ్మంలో నిలబడ్డాడో ఆ గుమ్మంలోకే తీసుకుపోండి" అన్నారు. నూకరాజు అన్న అప్పన్న తమ్ముడి మీద పడి ఏడ్చాడు గాని, పెద్దలకు ఎదురుచెప్పే ధైర్యం వాడికెక్కడిది? వాడూ రేపు ఆ కులంలోనే బతకాలి.

పాడె గుడి ముందుకొచ్చింది. సంఘపెద్ద బర్నబాసు దాన్ని సమాధుల తోట గేటు దగ్గరే ఆపాడు. బర్నబాసు చెడ్డవాడని అనుకోకండి. ఏటేటా గోదావరి ఒడ్డు కోసుకుపోతుంటే ఆ తోట నానాటికీ కుంచించుకుపోయింది. అందుకని బాప్తిస్మం పొందినవాళ్ళకే చోటని సంఘం కట్టుబాటు పెట్టుకుంది. పోయాకే గాని ఎవరికీ చోటు చూపరు. ఒక్క దంపతుల విషయంలోనే మినహాయింపు: ముందు పోయినవారి పక్కన ఉన్నవారి కోసం కాస్త నేల విడిచి, చుట్టూ ఇటుకలు పేర్చి ఉంచుతారు. ఇంకెవరూ దాని జోలికి పోరు, దాన్ని వదులుకున్నవారికి తోటలో మళ్ళీ వేరే చోటూ ఉండదు. అయ్యగారి భార్య, లంకంతా అమ్మగారు అని పిలిచే రూతమ్మగారి పక్కన అలాంటి చోటొకటి ఉంది. ఆ ఇటుకలు అయ్యగారే పేర్చుకున్నారు. ఆదివారం అందరూ వెళ్ళిపోయాక వెళ్ళి అక్కడ కాసేపు కూర్చుంటారు.

"మాకు మాత్రం జాలి లేదా అయ్యగారూ?" అన్నాడు బర్నబాసు. "మా అమ్మ సమాధి పోయిన వరదలో ఏట్లో కలిసిపోయింది. పువ్వు పెడదామన్నా నాకు చోటు లేదు. ఉన్నది మనవాళ్ళకే చాలటం లేదు. ఇతనికేమో బాప్తిస్మం లేదాయె."

మార్తమ్మ లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నేను పోయాక నాకివ్వబోయే చోటు ఆయనకిచ్చెయ్యండి బాబూ. నన్ను ఏట్లో వదిలెయ్యండి."

"పోకముందు ఎవరికీ చోటుండదమ్మా. ఉన్నమాట చెబుతున్నాను."

"అయితే నా పేరు మీ సంఘంలోంచి కొట్టేయండి. ఈయన్ని ఇసకతిన్నెలో పెట్టుకుంటాను. రేపు నన్నూ అక్కడే పెడతారు. ఆయన లేని చోటు నాకెందుకండీ?"

ఇసకతిన్నె అంటే ఆ లంకలో అందరికీ గుండె గుభేలుమంటుంది. దిక్కులేనివాళ్ళను పెట్టేది అక్కడే. వరదొచ్చిందంటే శవం ఏ ఊరి రేవులో తేలుతుందో ఆ పైవాడికే తెలియాలి.

అప్పుడు మార్తమ్మ చూపు జనంలో వెనకగా నిలబడ్డ ఎలీషా మీద పడింది.

"చిన్నయ్యగారూ, మా ఆయన మొన్న మీ దగ్గరికొచ్చాడు కదండీ. ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. ఇంటికొచ్చాక ఏమైందని అడిగితే, 'నేనింకా నేర్చుకోవాలంటలేవే' అని నవ్వేశాడు. మీరేమన్నారండీ ఆయన్తో?"

ఎలీషా జనాన్ని దాటుకుని ముందుకొచ్చాడు. అబద్ధమాడి తప్పించుకోవచ్చు. ఆడలేకపోయాడు.

"చేర్చుకోమని అడిగాడమ్మా," అన్నాడు. "నేనే వెనక్కి పంపించేశాను."

మార్తమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొంగు నోట్లో కుక్కుకుని మొగుడి కాళ్ళ దగ్గర కూలబడింది. బర్నబాసు తల దించుకున్నాడు గాని గేటుకు అడ్డం మాత్రం తొలగలేదు. అడగటం వేరు, పొందటం వేరు. కట్టుబాటు కట్టుబాటే కదా.

"పారలు తెప్పించు బర్నబాసూ," అన్నారు జకరయ్య అయ్యగారు. "అమ్మగారి పక్కన తవ్వండి."

జనం ఉలిక్కిపడ్డారు.

"అయ్యగారూ! అది మీ చోటండీ!"

"నాదే. అందుకే ఇవ్వగలుగుతున్నాను."

బర్నబాసు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మగారి పక్కన పరాయి మగాణ్ణి... ఊరు ఏమంటుందండీ?"

"రూతమ్మ ఇంటికొచ్చినవాణ్ణి ఎప్పుడైనా గుమ్మంలో నిలబెట్టిందటయ్యా?"

ఆవిడ చేతి అన్నం తినని గడప ఆ లంకలో లేదు. బర్నబాసు పైకండువాతో కళ్ళు ఒత్తుకుని గేటు తెరిచాడు. తానే వెళ్ళి పార తెచ్చాడు. ఎలీషా ఇంకొకటి అందుకున్నాడు. తవ్వటం అలవాటు లేని చేతులు, బొబ్బలెక్కి చిట్లాయి. పార మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

చుట్టూ ఉన్న ఇటుకలు మాత్రం అయ్యగారే తీశారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కటీ తీసి, మట్టి దులిపి పక్కన పెట్టారు. ఆయన పెద్ద త్యాగమూర్తిలా గుండె నిబ్బరంతో చేశారని చెప్పటానికి నాకు మనసొప్పదు. ఒకసారి ఆగిపోయారు. ఆ సమాధి మీద అరచెయ్యి ఆన్చి, ముఖం పక్కకు తిప్పుకుని, పిల్లాడిలా వెక్కారు. కలిసి కాపురం చేసిన మనిషి పక్కన పడుకోవాలన్న ఆశ ముసలితనంలో ఎంత పెద్దదో అనుభవించేవాళ్ళకే తెలుస్తుంది. పక్కనే తవ్వుతున్న ఎలీషాకు ఆయన గొణుగుడు వినబడింది.

"రూతూ, మనింటికి మనిషొచ్చాడు."

పొద్దుగుంకే వేళకు నూకరాజును మట్టిలో దింపారు. అయ్యగారు ప్రార్థన చేశారు. వచ్చినవాళ్ళంతా తలా పిడికెడు మన్ను వేస్తుంటే, గోడవతల నక్కి నిలబడ్డ అప్పన్న ఉండబట్టలేక లోపలికొచ్చేశాడు. తమ్ముడి మీద మన్ను వేసి, నేలకు తలబాదుకుని ఏడ్చాడు. ఎవరూ అతన్ని నీది ఏ సంఘమని అడగలేదు. అందరికంటే ఆఖరున మార్తమ్మ మన్ను వేసి, అయ్యగారి వైపు తిరిగింది.

"మరి మీరెక్కడికి పోతారు అయ్యగారూ?"

"ముందు నువ్వు ఇంటికెళ్ళి ఇంత గంజి తాగమ్మా," అన్నారాయన.

తిరిగి వచ్చేటప్పుడు గురుశిష్యులిద్దరూ ఏటిగట్టు వెంట నడిచారు. కొంతదూరం పోయాక ఎలీషా ఆగిపోయాడు.

"ఆరోజు నేను సరేనని ఉంటే ఇంత జరిగేది కాదు కదండీ?"

కాదులే నాయనా, నీ తప్పేముంది అంటారని వాడి ఆశ. అయ్యగారు అలా అనలేదు.

"అవును. చేర్చుకుని ఉండాల్సింది. భార్య వెంట వచ్చినవాడు దేవుడి వెంట రాడని నీకెవరు చెప్పారు?"

ఎలీషా గట్టు మీదే కూర్చుండిపోయాడు. బొబ్బలు చిట్లిన చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అయ్యగారు కూడా ఆయాసపడుతూ పక్కన కూర్చుని, వాడి భుజం మీద చెయ్యి వేశారు. ఎదుట గోదావరి ఇంకో మట్టిపెళ్ళను విరుచుకుని తనలో కలుపుకుంది.

"రేపు మిమ్మల్ని నా చేత్తో ఇసకతిన్నెలో పెట్టమంటారా అయ్యగారూ?" అన్నాడు ఎలీషా ఏడుస్తూనే. "ఇంత సేవ చేసి, ఆఖరికి మీకంటూ ఒక గొయ్యి కూడా లేకుండా పోయింది కదండీ!"

"క్రీస్తుకు మాత్రం ఉందా నాయనా?" అన్నారు అయ్యగారు. "ఎవరో తన కోసం తొలిపించుకున్న సమాధిలోనే కదా ఆయన్నీ పడుకోబెట్టారు. ఆయన వెంట నడవటానికి నాకు ఆ ఒక్కటీ చాలింది."