నగారా విన్నవాళ్ళ మాట

ఏటి అవతల చాటింపు వేసేవాళ్ళను పనిలోంచి తీసేయమని మంత్రి రాజుకు సలహా ఇచ్చాడు.

"కోట నగారా మోగించి రాజ్యంలోని చాటింపువాళ్ళందరినీ పిలిచాను ప్రభూ. వచ్చిన నలభైమందీ నగారా బాగా వినిపిస్తోందన్నారు. ఇంకా ఏటి అవతల ఊరూరా డప్పులెందుకు?"

ఉప్పు కొనడానికి సంతకొచ్చి ఈ సంగతి విన్న అవతలి ఊరి చాటింపువాడు ఈరన్న నేరుగా సభకెళ్ళాడు.

"ఆ పిలుపు మాకు అందనేలేదు దొరా."

"అందలేదన్నవాడివి నువ్వొక్కడివే," అని మంత్రి నవ్వాడు.

"అయితే మళ్ళీ నగారా కొట్టించండి. అది వినపడనివాళ్ళంతా వెంటనే రావాలని పిలవండి. ఒక్కడు కూడా రాడు. ఏటి అవతల మనుషులే లేరని అప్పుడు రాసుకోండి."

రాజు మంత్రి వైపు తిరిగాడు. "పడవెక్కండి. ఈసారి మీరే వెళ్ళి అడగండి. అందాకా అక్కడ ఏ డప్పూ ఆగదు."