బూడిద చిలకల మేడ

అనగనగా మంకెనపురానికి రత్నభానుడనే రాజు ఉండేవాడు. రాజ్యమంతా తానే ఏలుతున్నానని అనుకునేవాడు; రాణిగారు ఆ ఒక్క మాటా కాదనేవారు కాదు. వాళ్లకి ముగ్గురు కొడుకులు, చెంగల్వ అనే చిన్నారి కూతురు.

ఆ ఊరివాళ్లకి ఒక బద్ధకం ఉండేది. రంగుల పేర్లు పలికేవారు కాదు. "అదిగో, ఆ రంగు చీర ఇయ్యి" అనేవారు ఆడవాళ్లు. "నిన్నటి రంగు తలపాగా తే" అనేవాడు రాజు. పేరు పెట్టి పిలవకపోతే ఎవరుంటారు? ఒక్కో రంగే అలిగి వెళ్లిపోయింది. ఏడు సముద్రాల అవతల భస్మదంతుడనే మాంత్రికుడు వాటిని పట్టి దాచుకున్నాడు. ఇక్కడ దానిమ్మ గింజలు బూడిద రంగు, బంతిపూలు బూడిద రంగు. ఊరివాళ్లు మాత్రం "మబ్బేసినట్టుంది" అనుకుని అన్నం తిని పడుకున్నారు.

చిన్న కొడుకు మణికేతుడొక్కడే చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని రంగుల పేర్లు నేర్పేవాడు.

"ఆకు ఏ రంగమ్మా?"

"ఎరుపు!"

తప్పే. అయినా ఆ పిల్ల నోరు ఊరుకునేది కాదు. తల్లి పోలికని దాసీలు గుసగుసలాడేవారు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే ఉయ్యాలలో చెంగల్వ లేదు. ఒక బూడిద ఈక ఉంది.

పెద్దన్న వెతకబోయాడు, రాలేదు. నడిమన్న వెతకబోయాడు, రాలేదు. మణికేతుడు బయల్దేరితే తోటలో ఊసరవెల్లి అడ్డం వచ్చింది.

"నన్నూ తీసుకుపో నాయనా. రంగుల్లేని ఊళ్లో నాకేం పని?"

"దారి తెలుసా?"

"తెలీదు. కానీ రంగుని పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. నా బతుకంతా అదే పని."

మణికేతుడు ఊసరవెల్లిని భుజానెక్కించుకుని, ఉయ్యాలలో దొరికిన ఈక చూపిన వైపే పడవెక్కాడు. సముద్రం బూడిద పరిచినట్టుంది. అల లేదు, చప్పుడు లేదు. మణికేతుడు "నీలం" అన్నాడు. పడవ మేరకు నీళ్లు నీలమై కదిలాయి. వెనక్కి చూస్తే మళ్లీ బూడిదే. అలా "నీలం, నీలం" అంటూ ఏడు సముద్రాలూ దాటాడు.

మాంత్రికుడి మేడ గుమ్మానికి చెరోపక్క ఒక బూడిద బొమ్మ. ఇద్దరూ అన్నలే.

"నీ తలపాగా ఏ రంగు?" అంది తలుపు. "మీ పెద్దన్న 'ఏదో ఒకటి' అన్నాడు. మీ నడిమన్న 'అన్నయ్యదే నాదీ' అన్నాడు."

"మిరపపండు ఎరుపు" అన్నాడు మణికేతుడు. తలపాగా భగ్గుమని ఎర్రబడింది. తలుపు తెరుచుకుంది.

లోపల మూడు పంజరాలు, మూడు బూడిద చిలకలు. వాటి వెనక భస్మదంతుడు నవ్వుతున్నాడు. నవ్వినప్పుడల్లా పళ్ల నుంచి బూడిద రాలుతోంది.

"ఒకటి నీ చెల్లెలు. ఒకటి కువలయ అనే రాకుమారి. ఒకటి నా ప్రాణం. ఒక్క మెడే నులమాలి. నులుము."

"నేనే చెంగల్వని" అంది మొదటి చిలక. "నేనే" అంది రెండోది. "నేనే" అంది మూడోది. మాంత్రికుడి మాయకి మూడూ ఆ మాటే, మూడింటిదీ చెంగల్వ గొంతే. పొరబడితే చెల్లెలు పోతుంది.

మణికేతుడు మెల్లగా అడిగాడు. "ఆకు ఏ రంగమ్మా?"

"ఆకుపచ్చ" అంది మొదటి చిలక. దాని రెక్క పచ్చబడింది.

"నీకు తెలియనిదా? నువ్వే చెప్పు" అంది రెండోది.

"ఎరుపు!" అని అరిచింది మూడోది. దాని ముక్కు ఎర్రబడింది.

"మా చెల్లి తప్పైనా చెబుతుంది గానీ ఊరుకోదు" అన్నాడు మణికేతుడు. "రంగు దాచుకున్నవాడు మాత్రం దాని పేరెత్తడు." రెండో చిలక మెడ నులిమేశాడు.

భస్మదంతుడు నిలుచున్న చోటే బూడిదకుప్పయ్యాడు. మేడలోంచి రంగులన్నీ హోరుమంటూ మంకెనపురం వైపు ఎగిరిపోయాయి. మూడో పంజరంలోంచి చెంగల్వ, మొదటిదాంట్లోంచి కువలయ బయటికొచ్చారు. బొమ్మలైన అన్నలు కళ్లు నులుముకుని "భోజనం వేళైందా?" అన్నారు.

మణికేతుడు కువలయని పెళ్లాడి చాలాకాలం రాజ్యం ఏలాడు. కువలయ సరైన జవాబు చెప్పిన మనిషి కదా, ఇంట్లో ఆమె మాటే చెల్లింది. ఊసరవెల్లికి కొలువిచ్చారు. చెంగల్వ ఆకుని ఆకుపచ్చ అనడం నేర్చుకుంది, కొంచెం ఆలస్యంగా.

ఇప్పటికీ ఎవరైనా "ఆ రంగు" అని ఊరుకుంటే, తెల్లారేసరికి ఆ బట్ట అంచున కాస్త బూడిద కనిపిస్తుందట. మీరు వేసుకున్న చొక్కా ఏ రంగో ఒకసారి చెప్పండి పిల్లలూ. గట్టిగా.